హౌజుకి తాళం

మా మామగారి మడి గురించి చెప్పకుండా ఆ రోజుల నీళ్ళ గురించి చెప్పలేను. అది ఆషామాషీ మడి కాదు. తెల్లవారకముందే లేచి స్నానం చేసి, తడి పంచెతో పెరట్లో నిలబడి, కుళాయిని చింతపండు పెట్టి తోమేవారు. మనుషులు తిరిగే చోట ఉన్న కుళాయి కదా, రాత్రికి రాత్రి మైలపడిపోయి ఉంటుందని ఆయన అనుమానం. ఆ తరవాత మొదటి చుక్క పడేదాకా దాని వంక కోపంగా చూస్తూ నిలబడేవారు. ఆయన తినే అన్నం వండేది నేనే. అయినా నీళ్ళొచ్చే వేళకి నేను వంటింటి గడప దాటకూడదు.

మూసాపేటలో మేమున్నది డెబ్బైల మొదట్లో. ఇప్పుడు మెట్రో స్టేషనున్న రోడ్డుకి కాస్త లోపలికి. అప్పుడు ఒక పక్క ఫ్యాక్టరీ గోడలు, ఒక పక్క జొన్న చేలు. మా ఆయనకి ప్రభుత్వాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి బందరు వైపు నుంచి వచ్చాం. మా వెనకే మామగారు, ఆయన వెనకే ఆయన ఇత్తడి బిందెలు వచ్చాయి. కుళాయిని ఇక్కడ నల్లా అంటారని నేను వారంలో నేర్చుకున్నాను. మామగారు చివరిదాకా నేర్చుకోలేదు.

మాకు ఇల్లు కిరాయికిచ్చిన ఇంటావిడ మూసాపేటలోనే పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాక బర్రెల పాలు అమ్ముకుని బతుకుతోంది. స్థలం రోడ్డు వైపు ఎత్తు, వెనక్కి పోయిన కొద్దీ పల్లం. ఎత్తున మా వాటా, పల్లంలో ఆవిడ ఇల్లూ బర్రెల కొట్టమూ. రోడ్డు మీది పెద్ద పైపు నుంచి ఒకటే సన్న పైపు లోపలికి వచ్చి, మా పెరట్లో ఒక నల్లాగా తలెత్తి, అక్కడి నుంచి పల్లానికి దిగి ఆవిడ వాకిట్లో ఇంకో నల్లాగా ఆగిపోయేది. నీళ్ళకి పైకెక్కే ఓపిక ఉండేది కాదు గనక ఆవిడ నల్లాని మోకాలి లోతు గుంతలో పెట్టించుకుంది. పొద్దున్నే చీర ఎగదోపుకుని గుంతలోకి దిగి బిందె పెట్టేది.

తమాషా ఏమిటంటే, మా నల్లా ఆగిపోయాక కూడా ఆవిడ నల్లా ఇంకొంతసేపు నడిచేది. "అందరిది బంద్ అయినంక గూడ నాకు జరసేపు వస్తయ్ బిడ్డా. మా బర్రెల పుణ్యం" అని ఆవిడ నాతో మురిసిపోతూ చెప్పేది. మామగారికి ఆ పుణ్యం కంట్లో నలుసు. గుంతలో కుళాయి పెట్టుకునేవాళ్ళకి నీళ్ళెక్కువా, తడి పంచెతో నిలబడ్డ తనకి తక్కువా అని ఆయన బాధ.

మా పెరట్లో సిమెంటు హౌజు, అంటే నీళ్ళ తొట్టి, ఒకటి ఉండేది, నడుము ఎత్తున. తాగే నీళ్ళు ఆయన మడితో బిందెల్లో పట్టేవారు. మిగిలిన వాడకమంతా హౌజు నీళ్ళతోనే. బిందెలు నిండగానే ఒక రబ్బరు పైపు తెచ్చి, సైకిల్ ట్యూబు ముక్కతో నల్లాకి బిగించి కట్టి, రెండో కొస హౌజులో పడేసేవారు. మళ్ళీ ఎవరూ నల్లాని ముట్టుకునే అవసరం లేకుండా ఈ ఏర్పాటు. నీళ్ళు వాటంతటవే వస్తాయి, వాటంతటవే ఆగిపోతాయి, నల్లా తిప్పే పని కూడా లేదు. మొదట్లో పైపు కొస హౌజు అంచు మీదే ఉండేది. నీళ్ళు పైనుంచి ధబధబా పడి తుంపర్లు ఆరేసిన మడి బట్టల మీదికి ఎగిరేవి, చప్పుడుకి ఆయన సంధ్యావందనం చెదిరేది. అందుకని పైపు కొసకి ఒక రాయి కట్టి హౌజు అడుగుకంటా దించారు. చప్పుడు లేదు, తుంపర లేదు, మడికి లోటు లేదు. ఆ రాయి కట్టిన రోజు ఆయన ముఖంలో వెలుగు చూడాలి, ఆనకట్ట కట్టించినవాడికి కూడా అంత గర్వం ఉండదు.

ఆ హౌజు సంగతి కూడా చెప్పాలి. పగలంతా అందులో చెంబు ముంచే ఆయన కాళ్ళు కడుక్కునేవారు. దొడ్డికి తీసుకెళ్ళే చెంబునీ అందులోనే ముంచేవారు, తిరిగొచ్చాక మట్టితో తోమి మళ్ళీ అందులోనే ముంచేవారు. నేనోసారి నోరు తెరిచి అడిగితే, "తాగే నీళ్ళు కావుగా అమ్మాయ్" అన్నారు. తాగే నీళ్ళకి ఉండే మడి వేరు, వాడే నీళ్ళకి ఉండే మడి వేరు. రెండిటి మధ్య గీత ఆయన మనసులో ఉండేది. నీళ్ళకి ఆ గీత కనపడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఆయన ఒక ఘోరం కనిపెట్టారు. పొద్దున్న అంచుదాకా నిండిన హౌజు, ఆయన జపం ముగించి లేచేసరికి జానెడు తగ్గి ఉంటోంది. హౌజుకి పగుళ్ళేమైనా ఉన్నాయా అని మా ఆయన చుట్టూ తిరిగి చూశారు. ఎక్కడా తడి లేదు. మామగారికి క్షణం పట్టలేదు కారణం తేల్చడానికి.

"ఎవరో తోడుకుపోతున్నారు. ఎవరో ఏమిటి, ఆవిడే. గేదెలకి పట్టద్దూ?"

"ఆవిడ నల్లా దగ్గరే ఉంటుందండీ, నాకు వంటింట్లోంచి కనిపిస్తూనే ఉంటుంది" అన్నాను.

"నువ్వు వంట చూడు" అన్నారు.

మర్నాడే వడ్రంగిని పిలిచి హౌజుకి చెక్క మూత చేయించారు. పైపు పట్టేంత సందు మాత్రం వదిలి, మిగతాదంతా మూసి, దానికి తాళం వేసి, తాళంచెవి తన జంధ్యానికి కట్టుకున్నారు. దేశంలో నీళ్ళకి తాళం వేసుకున్న మొదటి ఇల్లు మాదే అయి ఉంటుంది. మా పిల్ల గౌను ఉతకాలన్నా నేను వెళ్ళి మామగారి ముందు నిలబడాలి. ఆయన జంధ్యం బయటికి లాగి, తాళం తీసి, నేను రెండు బకెట్లు తోడుకునేదాకా పోలీసులా పక్కనే ఉండి, మళ్ళీ వేసేవారు. అయినా మర్నాటికి హౌజు జానెడు తగ్గింది. ఆవిడ దగ్గర మారు తాళంచెవి ఉందన్నారు. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు మిగల్లేదు.

మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. ఎప్పుడూ ఇంటావిడ కొట్టంలోనే ఉండేది. ఆవిణ్ణి బర్రెలమ్మ అని పిలిచేది. మనం గేదె అనాలమ్మా అని మామగారు ఎన్నిసార్లు దిద్దినా అది బర్రె అనే అనేది. ఆవిడ మక్కజొన్న కంకి కాల్చి పెడితే తిని, ఆవిడ గిలాసలోనే నీళ్ళు తాగి, ఆవిడ కొంగుతోనే మూతి తుడుచుకుని ఇంటికొచ్చేది. ఆ పిల్లకి జ్వరం తగిలింది. మొదట ఎండ దెబ్బ అన్నారు, తరవాత దిష్టి అన్నారు. మా ఆయన ప్రతి సాయంత్రమూ నుదురు తాకి చూసి "రేపు చూద్దాం" అనేవారు. పిల్ల కళ్ళు తెరవడం మానేసి, పిలిస్తే పలకడం మానేసినప్పుడు నేను ఎవరినీ అడగలేదు. భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. ఇంటావిడ పాలు పితకడం మధ్యలో వదిలేసి నా వెనకే వచ్చి రిక్షా మాట్లాడింది.

దవాఖానలో డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. నీళ్ళ ద్వారా వస్తుంది, జ్వరం తగ్గినా కొందరి కడుపులో ఆ క్రిములు ఉండిపోతాయి, ఇంట్లో ఇదివరకు ఎవరికైనా వచ్చిందా అని అడిగాడు. అప్పటికి మామగారు కూడా వచ్చి ఉన్నారు. "మా ఇంట అలాంటి జబ్బులు రావు" అన్నారు. ముందటేడు ఊళ్ళో ఆయన నెల్లాళ్ళకి పైగా జ్వరంతో మంచం దిగలేదు. దాన్ని ఆయన వేడి చేయడం అనేవారు. మా ఆయన నేల చూపులు చూశారు. నేనే చెప్పాను డాక్టరుకి. మామగారు నావంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

పిల్ల బతికింది. ఇంటికి తెచ్చేసరికి ఎముకల మీద చర్మం, జుట్టంతా ఊడిపోయింది, నడక మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. పంపేముందు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఏ నీళ్ళ వల్ల వచ్చిందో చూసుకోండమ్మా. ఈ నీరసంలో మళ్ళీ వస్తే పిల్ల తట్టుకోలేదు" అన్నాడు. తాగే ప్రతి గ్లాసూ కాచి చల్లార్చి ఇచ్చేదాన్ని. కానీ బయట తాగకుండా మూడేళ్ళ పిల్లని ఎన్నాళ్ళు కట్టేస్తాం?

మామగారికి మాత్రం చూసుకోవాల్సిందేమీ కనిపించలేదు. అరుగు మీద కూర్చుని, పల్లంలోకి వినపడేటట్టు అన్నారు: "చెప్తూనే ఉన్నాను. ఆ గుంతలో నీళ్ళు తాగితే ఏమవుతుంది? గేదెల మురికంతా అందులోనే. పసిపిల్లని చంపబోయింది."

ఇంటావిడ విన్నది. మూసాపేటలో అందరితోనూ గొంతెత్తి మాట్లాడే మనిషి, ఆ రోజు నా దగ్గరికి వచ్చి గడప బయటే నిలబడి ఏడ్చింది.

"నిజంగనే నా నీళ్ళతోనే గిట్లయిందా బిడ్డా? నా చేతులతోనే పోసిన గద. నాకు ముద్ద దిగుతలేదు."

అవునో కాదో నాకూ తెలియదు. ఆ తరవాత మా అమ్మాయి "బర్రెలమ్మా" అని పిలుస్తూ ఆవిడ వాకిట్లోకి పోతే, ఆవిడ లోపలికి పోయి తలుపు వేసుకునేది. పిల్ల ఆ తలుపు ముందు కూర్చుని ఏడ్చేది. అంత చేసి మామగారు హాయిగా భోంచేసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

పిల్ల ప్రాణం గురించి నేను కొట్టుకుంటుంటే, ఆయన హౌజు గురించి కొట్టుకుంటున్నారు. తాళం వేసినా నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. చివరికి దొంగని పట్టే ఉపాయం ఆలోచించారు. ఒక రోజు నీళ్ళొస్తున్న వేళ మూత తీసి, పంచెలకి పెట్టే నీలిమందు పొట్లం మొత్తం హౌజులో కుమ్మరించి, కర్రతో కలిపి, మళ్ళీ తాళం వేశారు. దొంగ బిందెలో నీలం కనిపిస్తుంది, ఇంక తప్పించుకోలేదు. సాక్ష్యానికి ఎదురింట్లో ఉండే హెడ్మాస్టరు గారిని పిలిపించారు. ఆఫీసుకి తయారవుతున్న మా ఆయన్నీ లాక్కొచ్చారు. నల్లా ఆగిపోయింది. ఆయన కొంతసేపు కావాలనే ఆగి, ఇంక పదండి అన్నారు. ముగ్గురు మగవాళ్ళు బర్రెల కొట్టం మీదికి దండెత్తారు. నేను పిల్లని చంకనేసుకుని వెనకే వెళ్ళాను.

ఇంటావిడ గుంతలో నిలబడి ఉంది. ఆవిడ బిందెలో నీళ్ళు నీలంగా ఉన్నాయి.

"దొరికింది దొంగ!" అన్నారు మామగారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరు దొంగ పంతులూ? ఏం మాట్లాడుతున్నవ్?" అంది ఆవిడ. ఆవిడ ముఖంలో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. "గిదేందో మీరన్న చెప్పుండ్రి. నల్లాలకెళ్ళి నీలం నీళ్ళొస్తున్నయ్!"

అందరం వంగి చూశాం. నల్లాలోంచి సన్నటి నీలం ధార ఇంకా పడుతూనే ఉంది.

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు సవరించుకుని, "ప్రభుత్వం వారు మందేదో కలిపి ఉంటారు" అన్నారు. మా ఆయన ప్రాణం లేచొచ్చినట్టు "అంతే అంతే" అన్నారు. కలిపిన పెద్దమనిషి పక్కనే నిలబడి ఉన్నారు, ఆయన వేళ్ళకి ఇంకా నీలం ఉంది. అయినా వీళ్ళకి ప్రభుత్వమే గుర్తొచ్చింది. చదువుకున్న ముగ్గురు మగవాళ్ళు ఒక నల్లా ముందు అలా నిలబడి ఉండటం చూస్తే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మామగారు మాత్రం పట్టు వదల్లేదు. "మారు తాళంచెవితో తోడుకొచ్చి..."

"ఎవరు తోడారు మామయ్యగారూ? ఆవిడ ఇక్కడే గుంతలో ఉంది. ధార మీ కళ్ళెదురుగా నల్లాలోంచి పడుతోంది" అన్నాను. అంటుండగానే నాకు అర్థమైంది. కిరసనాయిలు డబ్బాలో గొట్టం పెట్టి, ఒకసారి నోటితో పీల్చి వదిలితే, నూనె దానంతటదే కింద సీసాలోకి దిగుతుంది కదా. పైన మా పైపు కొస హౌజు అడుగున మునిగి ఉంది. కింద ఆవిడ నల్లా తెరిచి ఉంది. రోడ్డు మీద నీళ్ళు ఆగిపోగానే మధ్యలో పైపు ఖాళీ అయి, నోటితో పీల్చినట్టే హౌజుని పీల్చేస్తోంది.

పిల్లని మా ఆయన చేతుల్లో పెట్టి పైకి పరిగెత్తాను. సైకిల్ ట్యూబు కట్టు విప్పి నల్లా నుంచి రబ్బరు పైపు ఊడబెరికాను. నల్లా బుస్సుమని గాలి పీల్చుకుంది. పల్లంలోంచి ఇంటావిడ కేక వినిపించింది. "బంద్ అయింది! నీళ్ళు బంద్ అయినయ్!"

ఆవిడ బర్రెల పుణ్యం ఏమిటో తేలిపోయింది. హౌజు దొంగ ఎవరో కూడా తేలిపోయింది. మామగారు ఆయాసపడుతూ ఎత్తెక్కి వచ్చారు. నా చేతిలో పైపు చూశారు. ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది:

"నల్లాని ముట్టుకున్నావా?"

నల్లా అన్నారు! ఆ ఒక్కసారే ఆ మాట ఆయన నోట విన్నాను. కోపం ఆపుకోవడం నా వల్ల కాలేదు. కింద ఇంటావిడ వాకిట్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేటట్టు అన్నాను: "ముట్టుకున్నాను. మీరు కాళ్ళు కడుక్కున్న నీళ్ళు, దొడ్డి చెంబు ముంచిన నీళ్ళు, రోజూ ఈ పైపులోంచి వెళ్ళి ఆవిడ బిందెలో పడ్డాయి. ఆవిడ అవి మంచినీళ్ళనుకుని గిలాసలో పోసి మన పిల్లకిచ్చింది. పిల్లకి జబ్బు తెచ్చింది ఆవిడ బర్రెలు కాదు."

ఇంటావిడ నీలం నీళ్ళు నేల మీద వొంపేసింది. గుంత గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, "అయితే నా పాపం కాదన్నట్టు. నా పాపం కాదు" అని మళ్ళీ మళ్ళీ అనుకుంది. ఇన్నాళ్ళూ దొడ్డి నీళ్ళు తాగించిన వాళ్ళ మీద ఆవిడకి కోపం రావాలి. ముందు బరువు దిగింది. కోపం తరవాత తీరిగ్గా వచ్చింది, వారం రోజుల పాటు మామగారు అరుగు మీద కూర్చోలేదు.

ఆయన అన్న రెండో మాట కూడా రాయాలి. వెనకే ఎత్తెక్కి వచ్చిన మా ఆయనతో నెమ్మదిగా, "ఏమైనా ఇన్నాళ్ళూ మన నీళ్ళు ఆవిడ వాడుకున్న మాట నిజమేగా?" అన్నారు. మనవరాలి మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న లేచి చూద్దును కదా, నల్లాకి మళ్ళీ పైపు, పైపుకి మళ్ళీ రాయి. అడిగితే, మరి మడి సంగతేమిటి అన్నారు మామగారు. నేను కత్తిపీట తీసుకెళ్ళి ఆయన కళ్ళెదురుగా పైపుని కోసేశాను. మిగిలిన ముక్క హౌజు అంచుకి జానెడు పైన వేలాడింది, నీళ్ళని ఏ విధంగానూ అందుకోలేదు. తాళం మూతతో ఇక పని లేకపోయింది, నీళ్ళు మళ్ళీ ధబధబా పడ్డాయి. తుంపర్లు మడి బట్టల మీద ఎగిరాయి. ఆయన బట్టలు ఎండలోకి మార్చుకున్నారు గానీ, ఆ చప్పుడుకి గాయత్రి తప్పిపోతోందని నెలల తరబడి సణిగారు. నాకు ఆ చప్పుడు వినపడితేనే పొయ్యి వెలిగించబుద్ధయ్యేది.

వీధిలో వాళ్ళకి కూడా చెప్పాను. పైపు కొస నీళ్ళలో ముంచకండి, పైకి కట్టండి, ఒకరి తొట్టి మురికి ఇంకొకరి బిందెలోకి పోతుంది అని. అందరూ తలలూపారు. హెడ్మాస్టరు గారు ఇందులో ఉన్న సైన్సు ఏమిటో నాకే వివరించి చెప్పారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆయన వెనకే, బట్టలు నానేసిన గంగాళంలో వాళ్ళ పైపు కొస మునిగి ఉంది. తమ ఇంట్లోకి వచ్చే నీళ్ళ గురించి ఎంతైనా మాట్లాడతారు మనవాళ్ళు. తమ ఇంట్లోంచి వెళ్ళే నీళ్ళ సంగతి ఎత్తితే తలనొప్పి వస్తుంది.

ఇంటావిడ నల్లా ఇప్పుడు అందరి నల్లాలతో పాటే ఆగిపోయేది. "మా బర్రెల పుణ్యం గాదు, మీ పంతులు పుణ్యం తాగిన ఇన్నొద్దులు" అనేది, నవ్వీ నవ్వకుండా. ఆవిడ గుంత చుట్టూ సిమెంటు గట్టు పోయించింది, నీళ్ళు కాచి పెట్టడం మొదలుపెట్టింది. అయినా మా పిల్ల వస్తే తలుపు మూసుకోవడం మాత్రం చాలా రోజులు మానలేదు. గిలాస చేతికివ్వాలంటే భయమైతున్నది బిడ్డా అంది.

పిల్ల తలమీద మళ్ళీ జుట్టు మొలుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. పక్కనే మామగారు విసనకర్రతో విసురుకుంటున్నారు. పల్లంలో ఇంటావిడ తలుపు తెరిచే ఉంది. పిల్ల ఆవిడ ముందు నిలబడి రెండు చేతులా గిలాస పట్టుకుని గటగటా తాగుతోంది. ఆవిడ గుక్క గుక్కకీ దాని ముఖంలోకి చూస్తోంది.

మామగారు విసనకర్ర ఆపారు. "అమ్మాయ్, పిల్ల అక్కడ నీళ్ళు తాగుతోంది. పిలువు."

"తాగనివ్వండి మామయ్యగారూ" అన్నాను, బియ్యంలోంచి తల ఎత్తకుండా. "ఆ ఇంటికి ఇప్పుడు మన నీళ్ళు పోవడం లేదు."